పన్నెండు బస్తాల బరువు

ముందు పోయినవి చెబుతాను. పికప్పు వెనక తలుపు, అదే డాలా, నడుం విరిగి. కుడివైపు టెయిల్ లైటు. సైలెన్సరు గొట్టం వంకరపోయింది కాబట్టి సగం పోయినట్టు వేసుకోవచ్చు. ఎవరిదో తోటలో వక్క మొక్కలు మూడు. డ్రైవరు కుడికాలి చెప్పు. బురదలో ఎంత వెతికినా అది దొరకలేదు. ఎడమకాలి చెప్పును ఆయన చాలాకాలం దాచుకున్నాడు, ఎందుకో నేను అడగలేదు. లడ్డూలు రెండు వందల నలభై. బంతిపూల దండలు పద్నాలుగు మూరలు. ఇసుక బస్తాలు, ఆ రోజు లెక్కకు, తొమ్మిది.

ఇప్పటికీ మా పేట మిడిల్ పాయింట్‌లో ఎవరిని కదిపినా లడ్డూల సంగతే చెబుతారు. వక్కతోటలో వాలుగా పడున్న బండి చుట్టూ చీమలు ఎలా బారులు తీరాయో, చూడని వాళ్ళు కూడా చూసినట్టు చెబుతారు. ఇసుక మాట ఎత్తితే మాత్రం, "ఇసకా? ఇసకేంటి?" అంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

మన దీవుల్లో పుట్టిన మీలో చాలామందికి తెలుగు చదవడం కంటే మాట్లాడటమే సుళువని నాకు తెలుసు. మా అక్క కొడుకు కూడా అంతే, పికప్పు తోలుతాడు, వాట్సాప్‌లో తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో రాస్తాడు. మొన్న వర్షాల్లో వాడు ఫోన్ చేసి, "మామా, బండి వెనక వెయిట్ ఎంత వెయ్యాలి?" అని అడిగాడు. వెయిట్ ఎంతో చెప్పడం తేలిక. మిగతాది చెప్పాలంటే ఇంత రాయాలి.

మాది టెంట్ హౌస్. కుర్చీలు, షామియానాలు, వంట డేగిసాలు అద్దెకిచ్చే వ్యాపారం. గోడౌను మిడిల్ పాయింట్‌లో. ఓనరు గారి తాతగారిది శ్రీకాకుళం వైపు, మా తాతదీ అటే, కానీ ఆ దగ్గరితనం జీతంలో ఎప్పుడూ కనిపించలేదు. నా పని లోడింగు చూడటం. ఏ సామాను ఎన్ని వెళ్ళాయి, ఎన్ని తిరిగి వచ్చాయి, బండిలో ఏది కింద, ఏది పైన. చదువు పదో తరగతి దాటలేదు. లెక్కలు మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను, గోడౌను గోడ మీద బొగ్గుతో. అందుకని నన్ను అందరూ "లెక్కల మాస్టారు" అనేవాళ్ళు. కొందరు గౌరవంగా, ఓనరు గారు మాత్రం వేళాకోళంగా.

బండి ఒక్కటే. పాత పికప్పు. టైర్లు అరిగిపోయి అరచేతిలా నున్నగా ఉండేవి. కొత్త టైర్లు వేయించండి అని నేను అడిగితే ఓనరు గారు వంగి చూసి, "ఇంకా గుండ్రంగానే ఉన్నాయి గదా మాస్టారూ" అన్నారు. అక్కడితో ఆ చర్చ ముగిసింది.

మన దీవుల్లో మంచు పడదు, చలికాలం అంటే సాయంత్రం ఫ్యాను ఒక నంబరు తగ్గించడమే. కానీ వర్షాకాలంలో సిప్పీఘాట్ పైన ఎర్రమట్టి ఎత్తులు చూశారు గదా. తడిస్తే ఆముదం పోసినట్టే. పెళ్ళిళ్ళు, పేరంటాలు మాత్రం ఆ ఎత్తుల మీదే జరుగుతాయి, ఇళ్ళు అక్కడున్నాయి మరి. నిండుగా లోడు వేసుకుని వెళ్ళినప్పుడు బండి ముక్కుతూ మూలుగుతూ ఎక్కేది. ఫంక్షన్ అయిపోయాక, మర్నాడు సామాను తెచ్చుకోవడానికి ఖాళీగా వెళ్ళినప్పుడు ఎక్కేది కాదు. సగం ఎత్తులో వెనక చక్రాలు అక్కడికక్కడే గిరగిరా తిరిగేవి. బురద మా మొహాల మీద, బండి ఉన్నచోటే. అప్పుడు ఎవరిదో ట్రాక్టరు పిలిచి లాగించాలి.

డ్రైవరు నా కంటే పదేళ్ళు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి. గోడౌను వెనక ఒక గది ఆయనకిచ్చారు, ఉద్యోగంతో పాటు. అందులో ఆయనా, ఆయన భార్యా. ఆవిడ ఫంక్షన్లలో గ్లాసులు, ప్లేట్లు కడిగేది. ఉద్యోగం పోతే గది పోతుంది, గది పోతే ఆవిడ పనీ పోతుంది. ఆ వర్షాల్లో మూడోసారి ట్రాక్టరు పిలిచాక ఓనరు గారు అందరి ముందూ అన్నారు: "డ్రైవింగు మర్చిపోయావేమో చూసుకో. ఇంకొక్కసారి ట్రాక్టరు పిలిచావంటే బండి తాళం, గది తాళం రెండూ నా చేతిలో పెట్టి వెళ్ళిపో."

డ్రైవరన్న సాయంత్రం నా దగ్గరికొచ్చి, "తమ్ముడూ, ఖాళీ బండి ఎక్కనంటాది, నిండు బండి ఎక్కతాది. ఇదేటి మాయ? ఈ వయసులో నేనెక్కడికెల్తాను?" అన్నాడు.

మాయ కాదని నాకు అప్పటికే ఒక అనుమానం. ఒకసారి సిప్పీఘాట్ ఎత్తు మీద బండి ఆగింది. బండి ఆగిందంటే అందరూ దిగి తోయడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఆ రోజు వాన ఎంత జోరుగా ఉందంటే షామియానా కుర్రాళ్ళు ఆరుగురూ టార్పాలిన్ కింద ముడుచుకుని కూర్చున్నారు, ఎంత తిట్టినా దిగలేదు. డ్రైవరన్న విసుగ్గా మళ్ళీ గేరు వేశాడు. బండి ఎక్కేసింది. కుర్రాళ్ళు తమ బద్ధకం వల్లే ఎక్కిందని చాలారోజులు చెప్పుకున్నారు. నిజానికి వాళ్ళు చెప్పింది కరెక్టే.

దారిలో ఒక ధర్మకాటా ఉంది, లారీలను తూకం వేసేది. దాని మీద మా పికప్పు ముందు చక్రాలు మాత్రం పెట్టించి తూకం చూశాను, తర్వాత వెనక చక్రాలు మాత్రం. ముందు తొమ్మిది వందల కిలోలు, వెనక ఆరు వందల యాభై. ఇంజను ముందుంది, బరువంతా ముందే. తిరిగే చక్రాలు వెనకవి. వాటి మీద బరువు లేకపోతే అవి నేలను పట్టుకోవు, తుడుస్తాయి. ఆరుగురు కుర్రాళ్ళు మనిషి అరవై ఐదు చొప్పున మూడు వందల తొంభై. అంటే వెనక ఇరుసు మీద నాలుగు వందల కిలోలు పడితే బండి ఎక్కుతుంది. ఇంతే లెక్క. దీనికి కాలేజీ అక్కర్లేదు.

ఓనరు గారి దగ్గరికి వెళ్ళి, "బండి వెనక వజన్ పెట్టాలండీ" అన్నాను. బరువును మేం వజన్ అనే అంటాం.

"వజన్ ఫైలు మీద పెడతారు మాస్టారూ, బండి మీద కాదు" అన్నారాయన. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆఫీసులో ఫైలు కదలాలంటే దాని మీద ఏం పెట్టాలో మన దీవుల్లో పసిపిల్లలకు కూడా తెలుసు గదా.

"ఖాళీ బండే ఎక్కట్లేదు, దాని మీద నాలుగొందల కిలోలు వేస్తావా? నడవలేని మనిషి నెత్తిన మూట పెట్టినట్టు?"

చక్రాల సంగతి చెప్పబోయాను. వినలేదు. చివరకు, "ఏం వేస్తావు?" అన్నారు.

"ఇసుక. జారదు, సామాను గోకదు, అవసరమైతే టైరు కింద చల్లుకోవచ్చు."

ఆయన నా వైపు, బంగారం అడిగినవాణ్ణి చూసినట్టు చూశారు. ఇది చదివే మెయిన్‌లాండ్ వాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ కోసం చెబుతున్నాను. చుట్టూ సముద్రమే అయినా మాకు ఇసుక లేదు. తీరం ఇసుక ముట్టుకోకూడదు. ఇల్లు కట్టుకోవాలంటే ఇసుక కోసం కాగితాలు పెట్టుకోవాలి, ఎదురుచూడాలి, వచ్చాక టార్పాలిన్ కప్పి కాపలా కాయాలి. అప్పుడు ఓనరు గారు గరాచర్మలో కొత్త ఇల్లు కట్టిస్తున్నారు. ఇసుక విలువ ఆయనకు నాకంటే బాగా తెలుసు.

"ఇసక నీ దగ్గరుంటే వేసుకో" అన్నారు. ఆ మాట నేను మర్చిపోలేదు.

నా దగ్గర ఉంది. గరాచర్మలోనే మాదీ రెండు గదుల ఇల్లు. బాత్రూము గోడలు ప్లాస్టరింగు కాలేదు. దానికోసం ఎప్పటినుంచో కూడబెట్టిన ఇసుక పెరట్లో ఉంది. నేనే జల్లెడ పట్టి గులకరాయి లేకుండా చేసిన ఇసుక. మా ఆవిడతో, వర్షాలు తగ్గేవరకే, తర్వాత వెనక్కి తెచ్చేస్తానని చెప్పాను.

"డ్రైవరు బావగారి ఉద్యోగం కోసమైతే పట్టుకెళ్ళండి" అంది. తలుపు దాకా వెళ్ళాక, "లెక్కపెట్టి పట్టుకెళ్ళండి, లెక్కపెట్టి తీసుకురండి" అని కూడా అంది.

సిమెంటు ఖాళీ సంచుల్లో ఒక్కోదానిలో ముప్ఫై ఐదు కిలోలు పోశాను, ఒక మనిషి ఎత్తగలిగేటట్టు. పన్నెండు బస్తాలు. నాలుగు వందల ఇరవై కిలోలు. మూతులు పురికొసతో కుట్టాను. బండిలో సరిగ్గా ఇరుసు మీద పరిచి, కదలకుండా చుట్టూ చెక్కలు కొట్టి, టార్పాలిన్ కప్పాను. తోక దగ్గర వేయకూడదు. వేస్తే ముందు చక్రాలు తేలికై స్టీరింగు మాట వినదు. మా అక్క కొడుకు ఇది ఒక్కటీ గుర్తుంచుకుంటే చాలు.

మొదటిసారి సిప్పీఘాట్ ఎత్తు ఎక్కినప్పుడు డ్రైవరన్న పైకి వెళ్ళి బండి ఆపి, దిగి, వెనక చక్రాన్ని గేదెను తట్టినట్టు తట్టాడు. "తమ్ముడూ, ఎక్కీసింది! గోడమీద బల్లిలాగ ఎక్కీసింది!" అన్నాడు. ఆ తర్వాత చాలాసార్లు ఎక్కింది. ట్రాక్టరు మాట మర్చిపోయాం. ఓనరు గారు కూడా, "డ్రైవరుకి బుద్ధొచ్చినట్టుంది" అన్నారు. ఇసుక గురించి ఒక్క మాట లేదు.

నేను రోజూ పొద్దున్న గోడౌనుకు రాగానే టార్పాలిన్ ఎత్తి బస్తాలు లెక్కపెట్టేవాణ్ణి. పన్నెండు మూతులు. పన్నెండూ ఉన్నాయి. కప్పేసేవాణ్ణి. మా గోడౌనులో చెంచాలు కూడా నడిచి వెళ్ళిపోతాయి, మన దీవుల్లో ఇసుక నడవదా?

మధ్యలో వానలు కొన్నాళ్ళు ఆగాయి. రోడ్లు ఆరాయి. ఆరిన రోడ్డు మీద ఎవరి బండైనా ఎక్కుతుంది. ఈ ఎండ రోజులే నా కొంప ముంచాయి.

అసలు రోజుకు వస్తాను. ఓనరు గారి ఇంటి గృహప్రవేశం. ముందు రోజు సిప్పీఘాట్ ఎత్తు మీద ఒక నిశ్చితార్థానికి మా కుర్చీలు, పెద్ద డేగిసాలు అన్నీ వెళ్ళాయి. నిండు లోడు, చక్కగా ఎక్కింది. రాత్రంతా వాన. పొద్దున్నే వెళ్ళి ఆ సామాను దించుకొచ్చి గరాచర్మలో ఓనరు గారి ఇంటి ముందు వేయాలి, మధ్యాహ్నం భోజనాలు. బయటివాళ్ళ ఫంక్షన్ వదులుకోలేక, తన ఇంటి శుభకార్యానికి అదే కుర్చీలు సర్దుదామనుకున్నది ఆయనే.

అంతటితో ఆగలేదు. బండి మిడిల్ పాయింట్ నుంచి వస్తోంది కాబట్టి మిఠాయి కొట్లో లడ్డూలూ, పూల కొట్లో బంతి దండలూ కూడా ఎక్కించుకు రమ్మన్నారు. ఎత్తు ఎక్కి, దిగి, లడ్డూలు గరాచర్మ చేరాలి. వేరే ట్రిప్పు ఎందుకు దండగ అని.

"లడ్డూలకి కొండెక్కడం ఏటి తమ్ముడూ, అయ్యేమైనా మొక్కుకున్నాయా?" అన్నాడు డ్రైవరన్న.

షామియానా కుర్రాళ్ళంతా పొద్దుటే ఓనరు గారి ఇంటి దగ్గర పందిరి వేయడానికి వెళ్ళిపోయారు. బండిలో మేమిద్దరమే. నేను టార్పాలిన్ ఎత్తి చూశాను. పన్నెండు.

ఎత్తు సగంలో చక్రాలు తిరగడం మొదలుపెట్టాయి.

నాకు అర్థం కాలేదు. వాన ఇంతకుముందూ పడింది, మట్టి అదే, టైర్లు అవే. డ్రైవరన్న నా మొహం చూశాడు. నేను దిగి ఒక బస్తా లాగి, కోసి, రెండు చక్రాల కింద ఇసుక చల్లాను. అది మంచి ఇసుకే. బండి ఒక బారెడు ఎక్కింది. మళ్ళీ ఆగింది. నేను ఎక్కి కూర్చున్నాను, ఆయన ఇంకోసారి ప్రయత్నించాడు. అప్పుడు జారింది.

వెనక్కి. బ్రేకు మీద నిలబడ్డా ఆగలేదు, చక్రాలు బిగుసుకుపోయి పలకలా జారిపోతోంది. ఎడమ పక్క లోయ. డ్రైవరన్న కిటికీలోంచి తల బయటపెట్టి, స్టీరింగు కుడికి తిప్పి, బండి వెనక భాగాన్ని వక్కతోటలోకి నడిపించాడు. ఆ మాట కావాలనే వాడుతున్నాను, నడిపించాడు. మూడు మొక్కలు విరిగాయి, డాలా విరిగింది, బండి ఒక పక్కకు ఒరిగి ఆగింది. లడ్డూల డబ్బాలు వెనకనుంచి బురదలోకి దొర్లాయి. మాకిద్దరికీ గీత కూడా పడలేదు.

కాసేపటికి దిగాం. విరిగిన డాలాలోంచి బస్తాలు కూడా బయటపడ్డాయి. పక్కనే కాలువ, రాత్రి వానకు నిండుగా పారుతోంది. డ్రైవరన్న ఒంటి చెప్పుతో నిలబడి కాలువ వైపే చూస్తున్నాడు.

"తమ్ముడూ."

"ఏంటన్నా?"

"ఇసక తేలతాదేటి?"

చూశాను. నా బస్తాలు రెండు, నేను కుట్టినట్టే ఉన్న పురికొస మూతులతో, నీళ్ళ మీద బాతుల్లా తేలుతూ పోతున్నాయి.

నాకు తెలిసిన ఏ లెక్కలోనూ ఇసుక తేలదు. పరుగెత్తి ఒకదాన్ని పట్టుకున్నాను. ఒక్క చేత్తో లేచింది. పురికొస తెంపి చూస్తే లోపల కొబ్బరి డొక్కలు. మిగిలినవన్నీ ఒక్కొక్కటీ ఎత్తి చూశాను. మూడు బరువుగా ఉన్నాయి. ఎనిమిది తేలిక. ఒకటి నేనే చక్రాల కింద చల్లాను. పన్నెండూ సరిపోయాయి. లెక్క ఎక్కడా తప్పలేదు!

డ్రైవరన్న కాలువ గట్టున కూలబడ్డాడు. "ఇప్పుడు ట్రాక్టరు పిలవాల" అన్నాడు మెల్లగా. ఆ మాటకు అర్థం ఇద్దరికీ తెలుసు.

ట్రాక్టరు వచ్చి లాగేసరికి భోజనాల వేళ దాటుతోంది. డాలాను తాడుతో కట్టుకుని, కుర్చీ ఒక్కటి లేకుండా, గరాచర్మ చేరాం. నేను డొక్కల బస్తా ఒకటి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

కొత్త ఇంటి ముందు పందిరి కింద జనమంతా నిలబడే ఉన్నారు. ముసలివాళ్ళు మెట్ల మీద కూర్చున్నారు. ఓనరు గారు పట్టుపంచెలో గేటు దాకా వచ్చి బండి వెనక్కి చూశారు. బురద పట్టిన డబ్బా మూత తీశారు. మూసేశారు.

"కుర్చీలేవి?"

డ్రైవరన్న జరిగింది చెప్పబోయాడు.

"ట్రాక్టరు పిలిచావా లేదా? అదొక్కటి చెప్పు."

"పిలిచానండి."

"తాళాలు."

చుట్టాలందరి ముందు. డ్రైవరన్న జేబులోంచి బండి తాళం తీసి, మొలతాడుకున్న గది తాళం కూడా విప్పి, రెండూ వరండా గట్టు మీద పెట్టాడు. ఓనరు గారి చేతికి ఇవ్వలేదు. పెరట్లో గ్లాసులు కడుగుతున్న ఆయన భార్య తడి చేతులతో వచ్చి గుమ్మం పక్కన నిలబడింది. ఏడవలేదు. చేతులు చీరకు తుడుచుకుంటూనే ఉంది, ఆరిపోయాక కూడా.

నాకు కోపం వచ్చింది. మామూలుగా నాకు వచ్చేది చిరాకు, ఇది అది కాదు. బస్తా తీసుకెళ్ళి ఆ వరండా కొత్త టైల్సు మీద బోర్లించాను.

"ఇదండీ మీ బండి వెనక నేను పెట్టిన ఇసుక" అన్నాను. "ఇలాంటివి ఎనిమిది. డ్రైవింగు మర్చిపోయింది ఎవరు, దొంగతనం నేర్చుకున్నది ఎవరు, అది తేల్చాక తాళాలు తీసుకోండి."

డొక్కలు టైల్సు మీద దొర్లాయి. అందరూ వాటినే చూస్తున్నారు. ముందుగా మా వంట దీదీ నోరు తెరిచింది. గోడౌను సామాన్లలో వంటపాత్రలన్నీ ఆవిడ చేతి కిందే ఉండేవి.

"భయ్యా, ఒకటి నేనే తీశాను. పెద్ద పొయ్యి ఊగుతోందని కింద పరిచాను. నువ్వు రోజూ లెక్కపెడతావు గదా, తక్కువైతే గోల చేస్తావని డొక్కలు నింపి పెట్టాను. ఒక్కటే కదా భయ్యా!"

తర్వాత షామియానా కుర్రాళ్ళ పెద్ద. "మేం తీన్ తీసుకున్నాం భయ్యా. సిమెంటు నేలలో గుంజ దిగదు, సముద్రం గాలికి పందిరి లేచిపోతోంది. గుంజల కాళ్ళకి కట్టాం. ఇదిగో, ఈ పందిరికే ఉన్నాయి, దేఖో." నిజమే. మేం నిలబడ్డ పందిరి నా ఇసుక మీదే నిలబడి ఉంది. "గిన్తీ మాత్రం తప్పనివ్వలేదు, కసమ్‌సే."

వాళ్ళు నా బరువును దోచుకున్నారు గానీ, నా లెక్కను మాత్రం అంత శ్రద్ధగా కాపాడారు. ఒకరికొకరు తెలియకుండా, అందరికీ ఒకే ఉపాయం తట్టింది. కొబ్బరి డొక్క దొరకని చోటు ఈ దీవుల్లో లేదు మరి.

"ఒకటీ మూడూ నాలుగు" అన్నాను. "ఇంకా నాలుగు."

ఓనరు గారు గొంతు సవరించుకుని, "ఎవడో బయటి దొంగై ఉంటాడు. ఇప్పుడా పంచాయితీ? శుభమా అని..." అన్నారు. ఆ ఇబ్బందిలో ఆయనకు పక్కన పళ్ళెంలో ఉన్న కొత్త పంచెలు కనిపించాయి. గృహప్రవేశం రోజు ఇల్లు కట్టిన తాపీ మేస్త్రీకి బట్టలు పెట్టడం ఆనవాయితీ కదా. మాట మార్చడానికి మంచి దారి దొరికినట్టు మేస్త్రీని ముందుకు పిలిచి, బొట్టు పెట్టించి, పంచెలు చేతిలో పెట్టారు.

మేస్త్రీ పెద్దాయన. దణ్ణం పెట్టి, పంచెలు కళ్ళకద్దుకుని, అందరూ వినేలా అన్నాడు: "నాలుగు బస్తాలంటున్నారు, ఈ వరండా గట్టుకి ఇసక చాల్లేదంటే బాబుగారు పంపినయ్యేనా? ఎవరు జల్లెడ పట్టేరో గానీ, మంచి ఇసక బాబూ. రాయన్నది లేదు. సంచులు మళ్ళీ నిండుగా కావాలన్నారని నేనే డొక్కలు కూరిచ్చేను."

అందరి కళ్ళూ గట్టు మీదికి వెళ్ళాయి. నున్నటి గట్టు. దాని మీద రెండు తాళాలు.

అలాంటప్పుడు ఎవరో ఒకరు నవ్వకుండా ఉండలేరు. నవ్వింది ఓనరు గారి తల్లిగారు, మెట్ల మీద కూర్చున్నావిడ. "కుర్చీలు లేవని మమ్మల్ని నిలబెట్టీసి, ఆ కుర్చీల బండి ఇసకంతా గట్టు కట్టీసేవేట్రా?" అంది. దాంతో పందిరంతా నవ్వింది.

మా ఓనరు గారు తప్పు ఒప్పుకునే మనిషి కాదు. క్షమించమనీ అనరు, క్షమించాననీ అనరు. డ్రైవరన్న మీద విరుచుకుపడ్డారు.

"నిలబడి చూస్తావేం? తాళం తీసుకో! కుర్చీలెవడు తెస్తాడు, నీ మేనత్త తెస్తుందా?"

డ్రైవరన్న కదల్లేదు. ఉన్న ఒక్క చెప్పూ విప్పి చేత్తో పట్టుకుని, "రెండు తాళాలూనాండి?" అన్నాడు.

ఓనరు గారు పందిరి గుంజ వైపు చూస్తూ, "రెండూ" అన్నారు.

ఆయన భార్య అప్పటికే పెరట్లోకి వెళ్ళిపోయింది. గ్లాసుల చప్పుడు మళ్ళీ వినిపించింది.

ఈసారి షామియానా కుర్రాళ్ళు ఆరుగురు వెనక ఎక్కారు, సరిగ్గా ఇరుసు మీద. నేనే కూర్చోబెట్టాను. "భయ్యా, మమ్మల్ని కూడా లెక్కపెట్టుకో" అన్నాడొకడు. "మాలో డొక్కల్లేవు." బండి ఎక్కింది. కుర్చీలు వచ్చేసరికి సగం మంది చాపల మీద భోంచేసి వెళ్ళిపోయారు. లడ్డూలు లేవు. అందుకే జనానికి లడ్డూలే గుర్తున్నాయి.

ఇప్పుడు నేను ఆ పనిలో లేను. మోకాళ్ళు ఎత్తనన్నాయి, మానేశాను. ఒక కొట్లో లెక్కలు చూస్తున్నాను. డ్రైవరన్న ఇంకా అక్కడే, ఆ గదిలోనే. బండి వెనక ఇప్పటికీ బస్తాలున్నాయి, ఈసారి ఓనరు గారే కంకర నుసి తెప్పించారు. నాతో చెప్పలేదు గానీ, బరువు చూస్తే నాలుగు వందల ఇరవైకి దగ్గరే. డ్రైవరన్న పొద్దున్నే ప్రతి బస్తానూ కాలితో ఒక తన్ను తంతాడట. వేళ్ళు నొప్పెడితే బండి తీస్తాడట. మా అక్క కొడుకుకు కూడా అదే చెప్పాను: మూతులు లెక్కపెట్టకు, ఎత్తి చూడు.

వంట దీదీ మర్నాడే పొయ్యి కింద బస్తా తెచ్చి ఇచ్చేసింది. షామియానా వాళ్ళు పందిరి విప్పగానే మూడూ తెచ్చారు. బండిలో మిగిలినవి మూడు. చల్లిన ఒకటి పని మీద ఖర్చైంది, దాన్ని ఎవరి మీదా వేయను. ఆ ఏడుతో మా బాత్రూములో మూడు గోడలయ్యాయి. నాలుగో గోడ మీద మా ఆవిడ తువ్వాలు ఆరేస్తుంది, ఇటుకలు కనిపించకుండా. చుట్టాలొస్తే రెండు తువ్వాళ్ళు.

మిగతా నాలుగు బస్తాలు ఓనరు గారిని అడిగాను. ఒకసారి కాదు. అడిగినప్పుడల్లా "కల్" అంటారు. హిందీలో కల్ అంటే రేపు కూడా, నిన్న కూడా. ఆయన తెలుగువాడై ఉండి ఈ ఒక్క మాటకు మాత్రం హిందీలోకి ఎందుకు వెళతారో నాకు ఇప్పుడు తెలుసు.

నా బస్సు రోజూ ఆ ఇంటి ముందునుంచే వెళుతుంది. పొద్దున పూట ఆయన ఆ గట్టు మీద కూర్చుని టీ తాగుతూ నాకు చెయ్యి ఊపుతారు. నేనూ ఊపుతాను. చెయ్యి ఊపుతూ చూపుతోనే ఆ గట్టు పొడుగు, ఎత్తు, మందం కొలుచుకుంటాను.

నూట నలభై కిలోలు. పొడి ఇసుక, జల్లించింది.